పండక్కి రంగు వేయాలా, ముందు నీళ్ళు ఆపాలా? పాత ఇంజిన్, చెక్క పెట్టె: చలికాలం పనులు

గోదారి_గట్టు (రాజమండ్రి)
అందరికీ నమస్కారమండి. రైల్వే వాళ్ళ అనుమతితో పాత యార్డు మూల చిన్న ప్రదర్శనశాల తయారవుతోందని ఇదివరకు రాశాను కదా. ప్రస్తుతం అక్కడ ఉన్నవి రెండే. ఒకటి దిమ్మె మీద నిలబెట్టిన డబ్ల్యూజీ రకం ఆవిరి ఇంజిన్, గూడ్సు బండ్లు లాగేది. రెండోది నాలుగు చక్రాల చెక్క రైలు పెట్టె. ఆదివారం ఆదివారం వచ్చే మా బృందంలో మాస్టార్లున్నారు, ఐటీఐ పిల్లలున్నారు, సార్వా కోతలు అయ్యాక తీరిక దొరికిన రైతులున్నారు. జీతాలు లేవు, ఎవరి టిఫిను వాళ్ళదే.

తుపాన్ల టెన్షన్ తగ్గింది, ఎండ హాయిగా ఉంది. ఇప్పటి నుంచి శివరాత్రి దాకా పని చేసుకోవడానికి మంచి రోజులు. ఇప్పుడొక దాత ముందుకొచ్చారు. భోగి నాటికి ఇంజిన్ నల్లగా నిగనిగలాడుతూ, పెట్టె ఎర్రగా మెరుస్తూ కనబడాలట, రంగు ఖర్చంతా ఆయనదే. బృందంలో సగం మంది సరే అంటున్నారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. ఫుట్‌బోర్డు కింద తుప్పు అట్టలు అట్టలుగా ఊడుతోంది. వాన వెలిసి చాలా రోజులైనా ఇంజిన్ ముందు భాగం కింద చుక్క చుక్కగా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఈ చలికాలంలో ముందు ఏ పని, తరవాత ఏ పని? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత_ఫైర్‌మన్ (నిడదవోలు)
బాబూ, నేను బిట్రగుంట, బెజవాడ షెడ్లలో బొగ్గు వేసినవాణ్ణి. ఆ కారే నీళ్ళ సంగతి ముందు చూడండి, రంగు తరవాత. స్మోక్ బాక్స్, అదే ఇంజిన్ ముందు పొగగొట్టం కింద ఉండే గది, దాని తలుపు తెరిచారా? అడుగున బూడిద, నుసి తడిసి గట్టి ముద్దలా కూర్చుని ఉంటుంది. పొగగొట్టం నోరు ఆకాశానికి తెరిచి ఉంది కాబట్టి కురిసిన ప్రతి వానా అందులోకే పోతుంది. బొగ్గు బూడిదలో గంధకం ఉంటుంది. దానికి నీళ్ళు తగిలితే యాసిడ్ తయారై అడుగు రేకును లోపలి నుంచి తినేస్తుంది. బయట మీరు ఎన్ని పూతలు వేసినా, ఏదో ఒక రోజు పారతో తట్టగానే చిల్లు పడుతుంది.

మా రోజుల్లో షెడ్డుకి రాగానే స్మోక్ బాక్స్ ఊడ్చాకే ఇంకో పని. ఇప్పుడు మీరు చేయాల్సిందీ అదే. తలుపు చుట్టూ ఉన్న మరలకి కిరసనాయిలు, డీజిలు కలిపి పోసి రెండు రోజులు నాననివ్వండి. సుత్తితో బాదొద్దు. తలుపు తెరిచాక ముద్దను చెక్క గరిటెతో గీకి, మొత్తం బయటికి తీసి, పొడి గుడ్డతో తుడవండి. పొగగొట్టానికి రేకు టోపీ చేయించండి. గాలి ఆడేలా రెండంగుళాలు ఎత్తులో ఉండాలి, చుట్టూ జల్లెడ వల కట్టాలి. లేదంటే గోరింకలు గూడు పెడతాయి, ఆ గడ్డి మళ్ళీ తేమ పట్టి ఉంచుతుంది.

కాకినాడ_లక్ష్మి
ఫైర్‌మన్ తాతగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నా ఉద్యోగం రేవు దగ్గర ఇనుప కట్టడాలకి పూతలు వేయించడం. ఆ అనుభవంతో రంగు సంగతి చెబుతాను.

మన డెల్టాలో చలికాలం మంచిదే, కానీ పొద్దుటి పూట కాదు. రాత్రంతా చల్లబడ్డ ఇనుము మీద మంచు చెమ్మలా పడుతుంది. సన్న రేకు ఎండ తగలగానే వేడెక్కుతుంది. బాయిలరు, ఫ్రేము లాంటి మందపాటి ఇనుము మాత్రం ఎండ వచ్చాక కూడా చాలాసేపు చల్లగానే ఉంటుంది. కంటికి పొడిగా కనబడినా దాని మీద సన్నని నీటి పొర ఉంటుంది. గాలిలో తేమ 85 శాతం దాటితే రంగు వేయకూడదు. ఇనుము వేడి కూడా మంచు పట్టే ఉష్ణోగ్రత కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. తేమ మీటరు లేకపోతే తడిగుడ్డతో ఒకచోట తుడిచి చూడండి. ఆ తడి పావుగంటలో ఆరిపోతే పని మొదలుపెట్టొచ్చు, లేకపోతే ఆగాలి. మామూలుగా పదిన్నర నుంచి మూడున్నర వరకే మీ పెయింటింగ్ టైము. సాయంత్రం వేసిన పూత ఆరకముందే మంచు పడితే తెల్లగా పాలిపోతుంది.

ఇంకొకటి ఉప్పు. సముద్రపు గాలికి నిలబడిన ఇనుము మీద ఉప్పు కంటికి కనబడదు. దాని మీదే ప్రైమర్ వేస్తే లోపల తేమ లాక్కుని బొబ్బలు లేస్తాయి. గీకిన తరవాత మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. దయచేసి బోరు నీళ్ళు వాడొద్దు. కోనసీమ వైపు, తీరం వైపు చాలా బోర్లు ఉప్పుగా ఉంటాయి, ఉప్పుతో ఉప్పును కడిగినట్టవుతుంది. కాలవ నీళ్ళు వడకట్టి వాడండి. ఉప్పు పోయిందో లేదో తెలియాలంటే, ఇనుము కడగ్గా కారిన నీళ్ళు కొంచెం పట్టుకుని సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేయండి. తెల్లగా విరిగితే ఇంకా కడగాలి. మీ బృందంలో సైన్స్ మాస్టారు ఉంటే ఆయనకి తెలిసిన పరీక్షే.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. పాత ఇంజిన్ల అడుగు పూతలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా గీకొద్దు, గ్రైండర్ అసలే పెట్టొద్దు. తడి ఎమెరీ కాగితంతోనే రుద్దాలి. మంచి మాస్కు పెట్టుకోవాలి. ఆ బట్టలతో ఇంటికి వెళ్ళకూడదు. చేతులు కడగకుండా టీ కూడా తాగకూడదు. చిన్నపిల్లల్ని ఆ పని దగ్గరికి రానివ్వకండి.

ఆదివారం_బ్యాచ్
నేనూ ఈ బృందంలోవాణ్ణే. రంగు వేద్దాం అన్న సగం మందిలో నేనొకణ్ణి, ఎందుకో కూడా వినండి. తుప్పు పట్టిన ఇనుప సామాను చూడటానికి ఎవరూ రారు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి మన ఊళ్ళకి జనం వస్తారు. ఆ మూడు రోజుల్లో పిల్లలు వచ్చి చూస్తేనే ఇది నిలబడుతుంది. వాళ్ళు రాకపోతే వచ్చే ఏడాది ఈ స్థలం ఇంకెవరికో ఇచ్చేస్తారని నా భయం. దాతని కాదంటే మళ్ళీ దొరకడు. ఒక పూత వేసి, అసలు రిపేరు వేసవిలో చేసుకుంటే తప్పేముంది?

గోదారి_గట్టు
నీ భయం నాకూ ఉంది తమ్ముడూ. కానీ వేసవిలో ఆ ఇనుము మీద చెయ్యి పెట్టలేం, రోహిణి కార్తెలో బాయిలర్ కింద పడుకుని ఎవరు పని చేస్తారు? ఆ తరవాత వానలే. మనకి ఉన్నవి ఈ నాలుగు నెలలే. వాటిలో ఒక నెల పైపూతకి పోతే, అదే పూత వేసవిలో మళ్ళీ గీకాలి.

లీడ్స్_కోనసీమ
అమలాపురం దగ్గర పుట్టి ఇప్పుడు ఇంగ్లండులో ఉంటున్నానండి. ఇక్కడ ఒక రైల్వే మ్యూజియంలో శనివారాలు స్వచ్ఛందంగా పని చేస్తాను. ఇక్కడి చలికాలం పద్ధతి చెబుతాను, మీకు పనికొచ్చేది తీసుకోండి.

ఇక్కడ చాలా చోట్ల జనవరి, ఫిబ్రవరిల్లో సందర్శకుల రైళ్ళు ఆపేసి మరమ్మతులకి దిగుతారు. సాయంత్రం నాలుగింటికే చీకటి, షెడ్డులో ఇనుము ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. మంచు పడకముందే చేసే మొదటి పని ఇంజిన్లో ఒక్క చుక్క నీరు లేకుండా తీసేయడం. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుంది. బాయిలర్‌లోకి నీళ్ళు పంపే ఇంజెక్టరులో కప్పెడు నీళ్ళు మిగిలినా పోత ఇనుము పగిలిపోతుంది. మనకి గడ్డకట్టే చలి లేదు, అయినా కారణం వేరైనా పని అదే. నీళ్ళు నిలిచే చోటు ఒక్కటీ ఉండకూడదు. సిలిండర్ డ్రెయిన్ కాక్‌లు (నీళ్ళు వదిలే కుళాయిలు) తెరిచి ఉంచండి. టెండరు (ఇంజిన్ వెనక బొగ్గు, నీళ్ళు మోసే బండి) అడుగున బురద తీసేయండి. క్యాబ్ నేల కింద, ఫుట్‌ప్లేటు కోణాల్లో పేరుకున్న ఆకులు, మట్టి తీయండి. తుప్పు ఎక్కువగా ఆ మట్టి కిందే మొదలవుతుంది.

సముద్రపు గాలికి నిలబడ్డ ఇంజిన్లు ఇంక పనికిరావని ఎవరైనా అంటే బారీ సంగతి చెప్పండి. వేల్స్ దక్షిణ తీరంలో, సముద్రం పక్కనే ఉన్న తుక్కు యార్డు అది. అక్కడ ఏళ్ళ తరబడి ఉప్పుగాలిలో నిలబడిన ఇంజిన్లలో 213 ఇంజిన్లను జనం కొనుక్కుని కాపాడుకున్నారు. వాటిలో చాలా మళ్ళీ పరుగెత్తాయి. వేల్స్‌లోనే టాలిలిన్ అనే చిన్న లైను 1951 నుంచి స్వచ్ఛంద సేవకుల చేతుల మీదుగా నడుస్తోంది. ప్రపంచంలో అలా బతికిన మొదటి రైలు మార్గం అదే. వాళ్ళలోనూ మాస్టార్లు, గుమాస్తాలు, వ్యాపారులే ఎక్కువ.

ఆదివారం_బ్యాచ్ గారి మాటలోనూ న్యాయం ఉంది. ఇక్కడ పని జరుగుతుండగానే జనాన్ని పిలుస్తారు. తాడు కట్టి, దాని అవతల నిలబెట్టి, విప్పిన భాగాలు బల్ల మీద పేర్చి చూపిస్తారు. మెరిసే ఇంజిన్ దగ్గర ఫోటో తీసుకుని వెళ్ళిపోయే పిల్లలు, విప్పిన సిలిండరు దగ్గర మాత్రం ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తారు.

మిల్లు_బాయిలర్ (తణుకు)
మా రైస్ మిల్లులో ఊకతో మండే బాయిలర్ నా బాధ్యతండి. సీజన్ లేనప్పుడు దాన్ని ఎలా పడుకోబెడతామో చెబుతాను. పూర్తిగా చల్లారకముందే, గోరువెచ్చగా ఉండగా నీళ్ళు వదిలేస్తాం, లోపలి వేడికే గోడలు ఆరిపోతాయి. తరవాత రేకు పళ్ళేల్లో పొడి కాల్చిన సున్నం పెట్టి మ్యాన్‌హోల్ మూసేస్తాం. లోపలి తేమంతా సున్నం పీల్చేస్తుంది. మీ ఇంజిన్‌కీ అలా చేయొచ్చు. సున్నం పెట్టేవాళ్ళు కళ్ళద్దాలు పెట్టుకోవాలి. దాని మీద నీళ్ళు పడితే కుతకుతలాడుతుంది, కంట్లో పడితే చూపే పోతుంది.

లీడ్స్_కోనసీమ
మిల్లు గారూ, ఒక సందేహం. ఇక్కడ కదలకుండా నిలబెట్టిన ఇంజిన్లకి అడుగు ప్లగ్గులన్నీ తీసి గాలి ఆడనివ్వమంటారు. మూసేస్తే లోపల చెమ్మ చేరినా తెలియదు కదా?

మిల్లు_బాయిలర్
మీ గాలి వేరు, మన గాలి వేరండి. జూలై, ఆగస్టుల్లో ఇక్కడ గాలే తడిగుడ్డ. తెరిచి పెడితే ఆ తేమ లోపలికే పోతుంది. అయితే ఒక షరతు ఉంది. సున్నం ఒకసారి పెట్టి మరిచిపోతే కుదరదు. పిండిలా విచ్చుకున్నాక అది ఇంక పీల్చదు, మార్చాల్సిందే. మూడు నెలలకోసారి తప్పకుండా మార్చే మనిషి ఉంటే మూయండి. లేకపోతే లీడ్స్ గారు చెప్పినట్టు అడుగు ప్లగ్గులు తీసి సన్న వల కట్టండి. సగం మూసి సగం తెరిచి ఉంచడం మాత్రం అన్నిటికంటే చెడ్డది.

పాత_ఫైర్‌మన్
నా ఓటు తెరిచి ఉంచడానికే. ఇప్పుడున్న ఉత్సాహం అయిదేళ్ళ తరవాత ఉంటుందో లేదో, సున్నం మార్చే బాధ్యత ఎవరి మెడకీ చుట్టొద్దు. ఇంకో మాట, ఏ ప్లగ్గు ఏ బెజ్జంలోదో దాని పక్కనే సుద్దతో నెంబరు వేసి ఫోటో తీసుకోండి. మరలు కలిసిపోతే తరవాత కూర్చోవు. బాయిలర్ మీద రేకు కింద తెల్లటి దూదిలాంటి పూత కనబడితే అక్కడితో ఆగిపోండి. అది రాతినార (ఆస్బెస్టాస్) కావచ్చు. మేం ఆ రోజుల్లో తెలియక చేతులతో పిసికి అతికేవాళ్ళం. దాని నుసి ఊపిరితిత్తుల్లోకి పోతే ఎన్నో ఏళ్ళ తరవాత రోగమై బయటపడుతుంది. దాన్ని తీయడం మీ పని కాదు, ఆ పని తెలిసి లైసెన్సు ఉన్నవాళ్ళని పిలవాలి. అప్పటిదాకా ఆ రేకు విప్పకండి.

కరెంటు_లైను_రాజు
యార్డు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఇంజిన్ పైన గానీ, పెట్టె పైన గానీ ఓవర్‌హెడ్ తీగ ఉందా? దాంట్లో 25,000 వోల్టులుంటాయి. తాకక్కర్లేదు, దగ్గరికి వెళ్తే చాలు లాగేస్తుంది. పొగగొట్టానికి టోపీ పెట్టడానికి ఎవరో ఒకరు పైకి ఎక్కుతారు, చేతిలో పొడవాటి ఇనుప కడ్డీ ఉంటుంది. రెండు మీటర్ల దూరం లోపలికి పోకూడదు. పక్క లైను తీగ అయినా సరే, రైల్వే వాళ్ళు కరెంటు ఆపి రాతపూర్వకంగా చెప్పాకే ఎక్కండి.

గోదారి_గట్టు
రాజు గారూ, మా ట్రాకు పైన తీగ లేదు. పక్క లైనుది దూరంగా ఉంది. అయినా పైన పని ఉన్న రోజున రైల్వే సూపర్‌వైజరు లేకుండా ఎవరూ ఎక్కకూడదని ఇవాళే బోర్డు రాయించాను.

తాళ్ళరేవు_బాడిస
మా ఇంట్లో తాతల నాటి నుంచి పడవలు కట్టే పని. రైలు పెట్టె నేనెప్పుడూ కట్టలేదు గానీ మీరు పెట్టిన ఫోటోలు చూశాక రెండు ముక్కలు రాయాలనిపించింది.

కిటికీ కింది అడ్డబద్ద చివరలు చూడండి. చెక్క ముందుగా పుచ్చేది అక్కడే. నారకి అడ్డంగా కోసిన ముఖం నీళ్ళు తాగేస్తుంది, కూసు (బద్ద చివర నాలుకలా చెక్కిన భాగం) బెజ్జంలోకి దిగినచోట తడి ఆరదు. పైకి రంగు బాగానే ఉంటుంది. సన్నటి ఆరతో పొడిచి చూస్తే గట్టి టేకులో మొన దిగదు, పుచ్చినచోట వెన్నలోకి దిగినట్టు పోతుంది. అలా దిగినచోటల్లా సుద్దతో గీత పెట్టుకుంటూ పెట్టె చుట్టూ ఒకసారి తిరగండి.

పుచ్చిందని స్తంభం మొత్తం తీయక్కర్లేదు. పాడైనంత మేర కోసి, ఏటవాలు అతుకు వేయాలి. పడవ పలకలకి మేం మందానికి 8 రెట్లు పొడవు పెడతాం. అంగుళం పలకకి ఎనిమిదంగుళాల ఏటవాలు. టేకులో ఇనుప మేకులు కొట్టొద్దు, చుట్టూ నల్లబడి చెక్క పాడవుతుంది. ఇత్తడి స్క్రూలు వాడండి.

లప్పం సంగతి. చలికాలంలో చెక్క ఎండి ముడుచుకుంటుంది, పలకల మధ్య సందులు కనబడతాయి. అందరూ ఆత్రంగా వాటిని లప్పంతో కూరేస్తారు. ఆషాఢం, శ్రావణం వచ్చేసరికి అదే చెక్క ఉబ్బుతుంది, చోటు లేక పలక విల్లులా వంగి మేకుల్ని పీకేస్తుంది. కాబట్టి గాడిలో పలకని జిగురుతో బిగించకండి, ఆడేంత చోటు వదలండి. పడవలకి దూది, గుగ్గిలం, నూనె కలిపి కూరేది అందుకే, అది చెక్కతో పాటు కదులుతుంది. మీ పెట్టెకి అవిసె నూనె, సుద్ద కలిపిన మెత్తటి లప్పం చాలు, అదీ పైపైనే.

కోటిపల్లి_లైను
తాళ్ళరేవు మేస్త్రి గారికి దండం. ఈ సూక్ష్మం ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నా విన్నపం ఒక్కటే. పెట్టె మీద పాత రంగు మొత్తం ఒకేసారి గీకేయకండి. అరచేతి వెడల్పు ముక్క ఎంచుకుని, అక్షరాలు ఉండే చోట, నీళ్ళు చల్లుతూ సన్న ఎమెరీ కాగితంతో మెల్లగా గుండ్రంగా రుద్దండి. మధ్యలో లోతుగా, అంచుల్లో పైపైన. మన ప్రాంతపు బండి చరిత్ర అక్కడ బయటపడుతుంది. 1908లో మద్రాస్ రైల్వే, సదరన్ మరాఠా కలిసి ఎం.ఎస్.ఎం. అయ్యాయి. 1951 ఏప్రిల్‌లో అది సదరన్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టి, బెజవాడ డివిజను అందులోకి వచ్చింది. మీ పెట్టె ఆ మూడు పాలనలూ చూసి ఉంటే మూడు పేర్లూ దాని ఒంటి మీదే ఉండాలి.

1955లో పెరంబూరులో ఉక్కు పెట్టెల తయారీ మొదలయ్యాక చెక్క పెట్టెలు ప్రయాణికుల బండ్ల నుంచి మెల్లగా తప్పుకున్నాయి. కొన్నిటిని పనిముట్ల బండ్లుగా, సిబ్బంది ఉండే బండ్లుగా మార్చి వాడుకున్నారు. మీదీ అలాంటిదేమో లోపలి బల్లల గుర్తులు చూస్తే తెలుస్తుంది.

ఎందుకింత పట్టుదల అంటారా? మా కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వేశారు. యుద్ధం కోసమని 1940లో పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్ళీ 2004లో గానీ రైలు రాలేదు. అరవై ఏళ్ళు పైగా మా ఊళ్ళ మధ్య రైలు కట్ట మాత్రమే మిగిలింది. ఆ మొదటి లైను మీద నడిచిన బండి ఎలా ఉండేదో చూపించడానికి మా దగ్గర ఒక్క చెక్క ముక్క కూడా లేదు. మీ దగ్గర మొత్తం పెట్టె ఉంది.

గోదారి_గట్టు
ఈ ఆదివారం జరిగింది రాస్తున్నాను, ఫోటోలు కింద పెట్టాను.

స్మోక్ బాక్స్ తలుపు తెరుచుకుంది. తాతగారు చెప్పినట్టే అడుగున జానెడు మందాన నల్లటి బురద, దాని మీద పాత గూడు గడ్డి. ఐటీఐ పిల్లలు బక్కెట్లతో తీస్తూనే ఉన్నారు. అడుగు రేకు మధ్యలో పల్చబడింది గానీ చిల్లు పడలేదు. తుడిచి, ఆరబెట్టి, గాలి ఆడేలా తలుపు కొంచెం తెరిచి పెట్టాం. ఇంజిన్ కింద కారడం ఆగిపోయింది.

పెట్టె దగ్గర నేనూ, మా తెలుగు మాస్టారూ కూర్చున్నాం. తలుపు పక్కన అక్షరాలు ఉన్నచోట కోటిపల్లి గారు చెప్పినట్టు తడి కాగితంతో రుద్దాం. పైన మాసిన బూడిద రంగు. దాని కింద ఇటుక ఎరుపు. ఆ ఎరుపు మీద పసుపు గీత, పాలిపోయిన ఎస్, సీ. ఇంకా రుద్దితే మళ్ళీ ఎరుపే, కాస్త ముదురుది, దాని మీద ఎస్, ఆర్. పూతరేకు పొరల్లా ఒక్కొక్కటీ ఇంత సన్నగా ఉంటాయని అనుకోలేదు. అట్టడుగున చెక్కకి ఆనుకుని గోధుమ రంగు ఛాయలో ఒక ఎం, దాని పక్కన చుక్క, ఆ తరవాత ఎస్ తల. అక్కడితో ఆపేశాం. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చుట్టూ ఉన్న పిల్లలు ఒకళ్ళ తరవాత ఒకళ్ళు వచ్చి వేలితో తాకబోతుంటే ఆపడం కష్టమైంది.

ఆ ముక్క మీద గాజు బిగించి అలాగే ఉంచాలని తీర్మానించాం.

కోటిపల్లి_లైను
ఎం.ఎస్.ఎం.! ఫోటో పెద్దది చేసి మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను. అంటే 1951 కంటే ముందుదే. అయితే మన హేవ్‌లాక్ వంతెన 56 ఖానాలూ దాటి ఉంటుంది. ఆ వంతెన మీద 1900 నుంచి 1997 దాకా బండ్లు నడిచాయి. గాజు కింద తేమ చేరకుండా అంచుల్లో గాలి సందు వదలండి.

కాకినాడ_లక్ష్మి
గాజుకీ రంగుకీ మధ్య కనీసం అరంగుళం ఉండాలి. నేరుగా ఎండ తగలకుండా పైన చిన్న చూరు కూడా వేయించండి.

పదో_తరగతి_పిఠాపురం
నమస్కారం అండి. నేను చదవడానికే ఈ వేదికలోకి వచ్చాను. సంక్రాంతి సెలవుల్లో మా మావయ్యతో రావచ్చా? నాకు ఏ పనీ రాదు. ఇంజిన్ ఎప్పటికైనా నడుస్తుందా?

లీడ్స్_కోనసీమ
రా తమ్ముడూ, ఏ పనీ రాదన్నవాళ్ళే ఎక్కువ నేర్చుకుంటారు. నడిచే సంగతి నిజాయితీగా చెబుతాను. ఇక్కడ నడిచే ఇంజిన్ బాయిలర్‌ని మామూలుగా పదేళ్ళకోసారి పూర్తిగా విప్పి, గొట్టాలు మార్చి, పరీక్షలు చేస్తారు. దానికి అయ్యే ఖర్చు ఒక ఊరి మ్యూజియం మోయలేదు. మన దేశంలో అలా లేచి నిలబడ్డవి ఉన్నాయి. నేనుండే లీడ్స్‌లోనే 1855లో తయారైన ఫెయిరీ క్వీన్ 1997లో మళ్ళీ నడిచింది. 1855 నాటిదే అయిన ఈఐఆర్ 21 ఇంజిన్‌ని 2010లో పెరంబూరు వర్క్‌షాపు వాళ్ళు లేపారు. అయితే అవి పెద్ద వర్క్‌షాపుల్లో జరిగిన పనులు. మీ బృందం చేతిలో ఉన్నది ఇంజిన్ పాడవకుండా ఆపడం. రేపు ఎవరికైనా నడిపే స్తోమత వస్తే, నడపడానికి ఇంజిన్ మిగిలి ఉండాలి కదా.

మిల్లు_బాయిలర్
ఏ బాయిలర్ అయినా నీళ్ళు నింపి, పనిచేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి చూడకుండా ఎవరూ నిప్పు పెట్టకూడదు. సరదాకి కర్రలు వేసి పొగ రప్పించే ప్రయత్నం కూడా వద్దు బాబూ, పండగ రోజున ఎవరో ఒకరు అడుగుతారు.

పాత_ఫైర్‌మన్
పిఠాపురం మనవడా, నువ్వు వచ్చిన రోజున నేనూ వస్తాను. క్యాబ్‌లో నీటి మట్టం చూపించే గేజ్ గ్లాసు ఎక్కడుంటుందో, నీళ్ళు తగ్గితే కరిగి మంటని ఆర్పే లెడ్ ప్లగ్ ఎక్కడుంటుందో చూపిస్తాను. గీకే పని దగ్గరికి మాత్రం నిన్ను రానివ్వరు, లక్ష్మమ్మ చెప్పింది కదా. ఇత్తడి నెంబరు పలక నీకిస్తారు. చింతపండుతో ఒక్కసారి తోమి, వెంటనే మంచినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడువు. రోజూ తోమితే అక్షరాలు అరిగిపోతాయి.

పెద్దవాళ్ళకి ఇంకో మాట. ఆ ఇంజిన్ నట్లకి మీ మిల్లీమీటరు పానాలు పెట్టకండి. మా షెడ్డు పానాలన్నీ విట్‌వర్త్ అనే పాత ఇంగ్లీషు అంగుళాల కొలతలే. దగ్గర దగ్గర సైజుది పెట్టి తిప్పితే నట్టు మూలలు గుండ్రమైపోయి ఇంక ఊడదు. మరలు కూడా వేరే, వాటి కోణం 55 డిగ్రీలు, ఇప్పటి మెట్రిక్‌వి 60. కొత్త బోల్టు పాత బెజ్జంలో రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి మరని కొరికేస్తుంది. రాజమండ్రి పాత ఇనప కొట్లలో వెతికితే విట్‌వర్త్ పానాలు ఇప్పటికీ దొరుకుతాయి.

తాళ్ళరేవు_బాడిస
అసలు మాట మరిచాను, భోగి వస్తోంది! పెట్టె నుంచి తీసిన పుచ్చు ముక్కలు యార్డులో గుట్టగా వేశారని ఫోటోలో కనబడింది. మన పిల్లలు ధనుర్మాసం మొదలైన దగ్గర్నుంచి పాత చెక్క ఎక్కడ దొరికితే అక్కడ ఎత్తుకుపోతారు. ఆ పుచ్చు ముక్కే కొత్త ముక్కకి కొలత. దాని వంపు, కూసు మందం, గాడి లోతు అన్నీ దాంట్లోనే ఉన్నాయి. అది మంటలో పడితే కొత్తది ఊహించి చేయాల్సిందే. పైగా ఆ రంగులో సీసం ఉందంటున్నారు, దాన్ని కాల్చి ఆ పొగ పిల్లలు పీల్చకూడదు. ప్రతి ముక్కకీ చీటీ కట్టి, ఎక్కడిదో రాసి, తాళం వేసిన గదిలో పెట్టండి. పండగ వెళ్ళాక నేను బాడిస, చిత్రిక తీసుకుని వస్తాను. కిటికీ కింది బద్దలు నా వంతు.

ఆదివారం_బ్యాచ్
ఈ పొద్దున్నే నేనూ, ఇద్దరు ఐటీఐ కుర్రాళ్ళూ వెళ్ళి ముక్కలన్నీ గదిలోకి చేర్చాం. తలుపు వైపువి ఎర్ర చీటీ, కిటికీ వైపువి పచ్చ చీటీ. కొన్ని అప్పటికే గేటు దాకా వెళ్ళాయి, పిల్లలకి కొబ్బరి మట్టలు ఇచ్చి వెనక్కి తెచ్చుకున్నాం.

నిన్న సాయంత్రం దాత గారింటికి వెళ్ళి ఆయనకి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ఆ అక్షరాల ఫోటో దగ్గర చాలాసేపు ఆగారు. వాళ్ళ నాన్నగారు ఎం.ఎస్.ఎం. రోజుల్లో పోర్టరట, మాకెవరికీ తెలియదు. రంగు డబ్బులు ప్రైమరుకీ, కప్పడానికి రెండు మంచి టార్పాలిన్ పట్టాలకీ, పొగగొట్టం టోపీకీ వాడుకోమన్నారు. కనుమ నాడు మనవలతో వచ్చి ఆ ముక్క చూస్తారట. పైరంగు ఎప్పుడు వేసినా ఖర్చు తనదేనని చెప్పారు.

గోదారి_గట్టు
చాలా మంచి పని చేశావు తమ్ముడూ.

అయితే ఇలా అనుకున్నాం. పండగ మూడు రోజులూ తాడు కట్టి, స్మోక్ బాక్స్ తెరిచి, తీసిన భాగాలు బల్ల మీద పెట్టి జనానికి చూపిస్తాం. గీకే పని, తడి పని ఆ మూడు రోజులూ బంద్. కనుమ తరవాత తాళ్ళరేవు మేస్త్రి గారితో చెక్క పని. ఫిబ్రవరిలో ఎండ కాస్త ముదిరాక, లక్ష్మి గారు చెప్పిన వేళల్లో ఇంజిన్ కింది భాగం కడగడం, ఆరబెట్టడం, ప్రైమరు. బాయిలర్ అడుగు ప్లగ్గులు తీసి వల కడతాం, రాతినార ఉందనుకునే రేకు జోలికి పోం. నల్లరంగు ఈ ఏడాది లేదు.

రావాలనుకునేవాళ్ళు ముందురోజు ఇక్కడ ఒక మాట రాయండి, యార్డు గేటు దగ్గర పేర్లు ఇవ్వాలి. బూట్లు తప్పనిసరి, చెప్పులతో లోపలికి రానివ్వరు.

పాత_ఫైర్‌మన్
నా పేరు రాసుకో బాబూ. నిడదవోలు నుంచి పొద్దుటి ప్యాసింజరుకి వస్తాను. నూనె గుడ్డలు ఎక్కువ తెప్పించు, మీరు కొన్నవి చాలవు.

కాకినాడ_లక్ష్మి
నూనె గుడ్డలు వాడాక కుప్పగా పడేయకండి. అవిసె నూనె పీల్చిన గుడ్డ దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది. మూత ఉన్న ఇనుప డబ్బాలో నీళ్ళు పోసి అందులో వేయండి. సిల్వర్ నైట్రేట్ సీసా, తేమ మీటరు నేను తెస్తాను. నా పేరు కూడా రాయండి.